వినిపించి పలికించిన గొంతు

లిఫ్టులు బాగుచేసుకునే మెకానిక్‌కు ఎవడిదో గొంతు అంటగట్టి జైల్లోకి తోసింది మీరే. స్టేషన్లో మైకు పట్టినవాళ్ళు, ప్రయోగశాలలో సంతకం గిలికినవాళ్ళు. మీ ఇళ్ళలో మాత్రం పొద్దున్నే టీ మరుగుతూనే ఉంటుంది.

అలాంటి ఒక ఇంట్లోనూ మరుగుతోంది. అక్క గొంతులు పోల్చి చెప్పే నిపుణురాలు. తమ్ముడు పోలీసు. "నీ కూతురు బడికి వెళ్తుంది, తిరిగి రాదు" అంటూ ఒక తల్లిని ఫోన్లో బెదిరించిన గొంతు మెకానిక్‌దేనని అక్క తేల్చింది. మెకానిక్ గొంతు రికార్డు చేసి తెచ్చింది తమ్ముడే.

"వాడు మొదట్లో నసిగాడక్కా," బూట్లు తొడుక్కుంటూ నవ్వాడు తమ్ముడు. "ఆ బెదిరింపు పదే పదే వినిపించి, అచ్చం అలాగే అనమన్నా. చివరికి చిలకలా పలికాడు."

అక్క చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"వినిపించావా? కాగితం ఇచ్చి చదివించాలి కదరా!"

"చదివించా. గొంతు కలిసి చస్తేగా!"

"ఒరేయ్! ఎక్కడ ఆగాడు, ఎక్కడ సాగదీశాడు, ఎక్కడ గొంతు పెంచాడు, అన్నీ కలిశాయని రాశాను. కలవక ఏం చేస్తాయి? పాఠం చెప్పింది నువ్వే!"

తల్లి వంటింట్లోంచి వచ్చింది. "పొద్దున్నే ఏమిటే ఆ అరుపులు? వాడి ప్రమోషన్‌కి దిష్టి పెట్టకు."

"అమ్మా, బెదిరించినవాడు బయటే ఉన్నాడు. ఆ పిల్లకి పెట్టిన పోలీసు కాపలా కూడా తీసేశారు."

"మళ్ళీ ఫోన్ రాలేదుగా," తమ్ముడు గొణిగాడు.

"దొరికాడని మనమే చాటింపు వేశాక, వాడికి ఫోనెందుకురా? దారి ఖాళీగా ఉంది."

వీధిలో బడి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఇది బయటపెడితే నీ ఉద్యోగమూ ఊడుతుందే," అంది తల్లి, మెల్లగా.

"ఊడనీ. తమ్ముడే కదా అని, ఎలా రికార్డు చేశావని ఒక్క మాట అడగలేదు. నాదేం నిపుణత్వం?"

తమ్ముడి కళ్ళు తడిశాయి. ఆ పిల్ల తల్లికి ఫోన్ చేశాడు. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు. మోగుతూనే ఉంది.

తల్లి బండి తాళం తెచ్చి అతని గుప్పిట్లో కుక్కింది.

"ఏడుపు తర్వాత. బండి తియ్యరా, బడికి పో! నువ్వు కోర్టుకి నడవ్వే. నీ నోటితోనే తప్పు చెప్పి, ఆ మనిషిని బయటికి తీసుకురా. లేవండి, ఇప్పుడే!"