నూట ముప్పై పౌన్ల జింకు

ఎల్లప్ప చనిపోయిన పదకొండో రోజున పరంజ్యోతికి కొత్త పని అప్పగించారు.

1943 ఏప్రిల్. మదనపల్లె శివార్లలో ఒక పెంకుటిల్లు. బయట 'పట్టుపురుగుల పరిశోధన' అని బోర్డు. లోపల ఒక్క పట్టుపురుగు కూడా లేదు. అది గూఢచారి శాఖ సెక్షన్ నైన్ ఆఫీసు. దాని అధికారి ముద్దుకృష్ణ తలుపు గడియ వేసి నేరుగా విషయానికి వచ్చాడు.

"బెలూన్ ఇంకా ఉంది."

పరంజ్యోతి కుర్చీలో కూర్చోబోతూ ఆగిపోయాడు. "అంటే ఎల్లప్ప..."

"ఎల్లప్పకు సంబంధం లేదు. ఆ ఫైల్ క్లోజ్. కూర్చో."

పరంజ్యోతి కూర్చోలేదు. కాలేజీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్‌గా ఉన్నవాణ్ణి రెండేళ్ల కిందట శాఖ ఏరి తెచ్చుకుంది. కారణం అతని లెక్కలు. ఎవరు ఏ రసాయనం ఎంత కొన్నారో చెబితే చాలు, దాంతో ఏం తయారవుతుందో, ఎంత తయారవుతుందో కాగితం మీద తేల్చేసేవాడు. శత్రువులు ఈ చుట్టుపక్కల ఎక్కడో బెలూన్ ఎగరేయబోతున్నారని కబురు వచ్చినప్పుడు షాపుల పుస్తకాలన్నీ తిరగేసింది అతనే. పుంగనూరులో బకెట్లు చేసి, పాత్రలకు మాట్లు వేసే ఎల్లప్ప దగ్గర నూట ముప్పై పౌన్ల జింకు రేకులు ఉన్నాయని పట్టుకున్నది కూడా అతనే.

అరవై ఐదు పౌన్ల జింకు యాసిడ్‌లో కరిగితే రెండు పౌన్ల హైడ్రోజన్ వస్తుంది. నూట ముప్పైకి నాలుగు. ఒక్కో పౌను హైడ్రోజన్ పదమూడు పౌన్ల బరువు లేపుతుంది. బెలూన్‌కు సరిగ్గా సరిపోయింది. రిపోర్టు రాసి సంతకం పెట్టాడు.

యాసిడ్ ఎంత ఉందో చూడలేదు.

ఎల్లప్ప దగ్గర ఉన్నది రెండే సీసాలు, అతుకులు వేసేటప్పుడు రేకు శుభ్రం చేసుకోవడానికి. జింకు కొండంత ఉన్నా, ఉన్న యాసిడ్‌కు తగినంతే కరుగుతుంది. పిండి బస్తాడు ఉన్నా, ఎసట్లో నీళ్లు ఎన్నో అంతే సంగటి. ఆ రెండు సీసాల నుంచి వచ్చే హైడ్రోజన్ ఒక కోడిపెట్టను లేపడానికి కూడా చాలదు. మొదటి ఏడాది పిల్లలు ఈ తప్పు చేస్తే పరంజ్యోతి సున్నా వేసేవాడు. ఎల్లప్పకు రిమాండులో ఆరో రోజున జ్వరం పట్టుకుంది. పదో రోజున పోయాడు.

"ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి సార్. నా లెక్క మీద నాకే నమ్మకం లేదు."

"అందుకే నీకిస్తున్నాను. రెండోసారి నువ్వు తప్పు చెయ్యవు," అన్నాడు ముద్దుకృష్ణ. తర్వాత వేగంగా వివరాలు చెప్పాడు. "మనిషి పేరు కెల్లర్. స్విస్ పాస్‌పోర్టు, దొంగది. కుప్పం దగ్గర శాంతిపురంలో గ్రానైట్ సర్వే పేరుతో షెడ్డు వేశాడు. బెలూన్‌కు వైర్‌లెస్ తీగ కట్టి పైకి పంపుతాడు. అంత ఎత్తు నుంచి అయితే బంగాళాఖాతంలో ఉన్న సబ్‌మెరీన్‌కు సిగ్నల్ అందుతుంది. గురువారం సాయంత్రం ఐదుకు ఆ సబ్‌మెరీన్ వింటుంది. ఆ రోజే మూడు వేల మంది సైనికులతో ఓడ మద్రాసు వదులుతుంది."

"ముందే పట్టుకోవచ్చు కదా?"

"కోడ్ పుస్తకం ఎక్కడ దాచాడో తెలీదు. ఐదుకు ఐదు నిమిషాల ముందు మాత్రమే బయటికి తీస్తాడు. పుస్తకంతో సహా దొరకాలి. బెలూన్ మాత్రం లేవకూడదు. మన మనిషి ఒకరు కెల్లర్ పక్కనే ఉన్నారు. రేపు ఉదయం కంటి ఆస్పత్రి క్యూలో కలువు."

*

మర్నాడు మిషన్ కంటి ఆస్పత్రి వరండాలో, ఒక కంటికి గుడ్డ కట్టుకుని పరంజ్యోతి బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన ఒకామె వచ్చి కూర్చుంది. లేత నీలం జార్జెట్ చీర, నల్ల కళ్లద్దాలు, లావెండర్ వాసన. క్యూ మొత్తం ఆమెనే చూస్తోంది. రహస్యంగా ఉండాల్సిన మనిషికి ఇదేం వేషం అనుకున్నాడు.

"కంటికి ఏం యేస్తాండారన్నా?" అందామె.

"జింకు చుక్కలు. మంటగా ఉండాది."

"మంట మంచిదే."

ముందే అనుకున్న కోడ్ మాటలు సరిపోయాయి. ఆమె జయశీల. కుప్పంలో పుట్టి, మిషన్ స్కూల్లో పియానో నేర్చుకుని, బెంగళూరు కంటోన్మెంట్ క్లబ్బులో వాయించే మనిషి. అక్కడే కెల్లర్ ఆమెను తన ఏజెంటుగా పెట్టుకున్నాడు. ఆమె అంతకు ఏడాది ముందు నుంచే సెక్షన్ నైన్ మనిషని అతనికి తెలీదు.

జయశీల పెదవులు కదలకుండా చెప్పింది. "జింకు రెండొందల పౌన్లకు పైనే ఉండాది. యాసిడ్ ఎనిమిది గాజు జాడీలు. ఒక్కో జాడీలో అరవై పౌన్లు పడతాది. బెలూన్ గుడ్డ, తీగ, తాళ్లు అంతా కలిపి యాభై రెండు పౌన్లని వాడే తూకం యేసినాడు. యాసిడ్ గది తాళం నా దగ్గరే. ఎంత పారబోయాలో చెప్పన్నా. నేను చూసుకుంటా."

"యాసిడ్ ఎంత చిక్కగా ఉండాది?"

"అదంతా నాకేం తెలుస్తాది?"

"తెలుసుకోకుండా నేను లెక్క చెప్పనమ్మా. ఒకసారి చెప్పినాను."

అతని గొంతు విని జయశీల నల్లద్దాలు తీసి చూసింది. చేతిసంచిలోంచి చిన్న సెంటు సీసా తీసి బెంచీ మీద పెట్టింది. "నువ్వు అడుగుతావని మీ సార్ చెప్పినాడు. జాగ్రత్త, ఇది పూసుకునే సెంటు కాదు."

ఆ మధ్యాహ్నం లాడ్జి గదిలో పరంజ్యోతి కంసాలి త్రాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చాకలి సోడా తూచి నీళ్లలో కలిపాడు. చిటికెడు పసుపు వేస్తే నీళ్లు కుంకుమ రంగుకు తిరిగాయి. సెంటు సీసాలోని యాసిడ్ చుక్క చుక్కగా వేశాడు. ఎన్ని చుక్కలకు ఎరుపు విరిగి మళ్లీ పసుపు అవుతుందో లెక్కపెట్టాడు. సీసా తూచాడు. మళ్లీ చేశాడు. మళ్లీ చేశాడు. మూడుసార్లూ ఒకే జవాబు. సగం యాసిడ్, సగం నీళ్లు.

అంటే ఒక్కో జాడీలో అసలు యాసిడ్ ముప్పై పౌన్లు. ఎనిమిదింటిలో రెండొందల నలభై. తొంభై ఎనిమిది పౌన్ల యాసిడ్‌కు రెండు పౌన్ల హైడ్రోజన్. మొత్తం దాదాపు ఐదు పౌన్లు. అరవై నాలుగు పౌన్ల బరువు లేస్తుంది. బెలూన్ హాయిగా ఎగురుతుంది.

నాలుగో వంతు తీసేస్తే? యాసిడ్ నూట ఎనభై. హైడ్రోజన్ మూడూ ముప్పాతిక కన్నా కాస్త తక్కువ. లేచేది నలభై ఎనిమిది. యాభై రెండుకు నాలుగు పౌన్లు తక్కువ. ఇంకా తగ్గిస్తే జింకు మీద లేచే నురగ చచ్చిపోతుంది, కెల్లర్ కనిపెడతాడు, జయశీల ప్రాణం పోతుంది. తగ్గించకపోతే మూడు వేల మంది.

కాగితం మీద ఆ అంకె వేస్తుంటే పెన్సిల్ ముక్కు విరిగింది. ఎల్లప్ప విషయంలో పెన్సిల్ ఎంత సునాయాసంగా నడిచిందో అతనికి గుర్తొచ్చింది.

సాయంత్రం జయశీల కుప్పం బస్సు ఎక్కేటప్పుడు చెప్పాడు. "ప్రతి జాడీలోనూ నాలుగో వంతు తీసి, అన్ని నీళ్లు పొయ్యి. ఒక్క జాడీని కూడా ఉత్త నీళ్లు చెయ్యొద్దు. నిదానంగా పొయ్యి, వేడెక్కుతాది."

"ఖాయమా?"

"మూడుసార్లు చూసినానమ్మా."

*

గురువారం పరంజ్యోతి కుప్పం వెళ్లే బొగ్గు గ్యాసు బస్సులో ఉన్నాడు. మాసిన గళ్ల లుంగీ, తలకు తువ్వాలు, చేతిలో రాళ్లు కొట్టే సుత్తి. పుంగనూరులో బస్సు బొగ్గు వేసుకోవడానికి ఆగింది. ఎదురుగానే ఎల్లప్ప కొట్టు. తలుపు మూసి ఉంది. అరుగు మీద అమ్ముడుపోని బకెట్లు దొంతరగా ఉన్నాయి. ఒకామె వాటి మధ్య కూర్చుని, ఎవరైనా కొనడానికి వస్తారేమోనని దారి వైపు చూస్తోంది. దారిన పోయేవాళ్లు అవతలి పక్క నుంచి నడుస్తున్నారు.

దిగి రెండు మాటలు చెప్పడానికి టైముంది. పరంజ్యోతి తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు. బస్సు కదిలేదాకా తల ఎత్తలేదు.

శాంతిపురం గుట్ట పక్కన షెడ్డు. నాలుగున్నరకు అతను కూలీల వరసలో చేరాడు. గుట్ట వెనక బండల చాటున ముద్దుకృష్ణ పోలీసులతో ఉన్నాడు. షెడ్డు వాకిట్లో సీసం పూత పూసిన పీపాల్లో జింకు బుసబుసలాడుతోంది. రబ్బరు గొట్టాల గుండా గ్యాసు వెళ్లి పట్టు బెలూన్‌ను నింపుతోంది. కెల్లర్ పొడవాటి మనిషి, ఎండకు ఎర్రబడ్డ ముఖం. మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. జయశీల గొడుగు వేసుకుని పక్కనే నవ్వుతూ నిలబడింది.

నాలుగు యాభైకి బెలూన్ గుండ్రంగా నిండింది. తాడు వదిలారు. అది కాస్త ఊగి, నేల మీదే కూలబడింది.

"వాట్ ఈజ్ దిస్?" అన్నాడు కెల్లర్.

"పట్టు ఎక్కడో చిరిగిందేమో," అంది జయశీల.

పరంజ్యోతి ఊపిరి వదిలాడు. లెక్క సరిపోయింది.

కెల్లర్ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత జేబులోంచి కత్తి తీసి బెలూన్ దగ్గరికి నడిచాడు. దాని కింద వానకు అడ్డంగా కట్టిన కాన్వాసు గుడ్డను, రెండు పక్కతాళ్లను పరపరా కోసి పారేశాడు. అయిదారు పౌన్లు పోయాయి.

బెలూన్ నేల వదిలింది.

ఇంతింతగా పైకి పోతోంది. కెల్లర్ బూటు అడుగు తిప్పి కోడ్ పుస్తకం బయటికి లాగాడు. వైర్‌లెస్ పెట్టె ముందు కూర్చున్నాడు. నాలుగు యాభై ఏడు. ముద్దుకృష్ణ పోలీసులు గుట్ట దిగడానికి కనీసం ఐదు నిమిషాలు.

పరంజ్యోతికి అంకెలన్నీ మాయమయ్యాయి. కొట్టు అరుగు మీద దారి చూస్తూ కూర్చున్న ఆమె మాత్రం కనిపించింది. సుత్తి పడేసి పరుగెత్తాడు. లేచిపోతున్న తాడును రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. అతని బరువు నూట పద్దెనిమిది పౌన్లు. బెలూన్ దగ్గర మిగులున్నది ఒకటో రెండో. అది మర్యాదగా కిందికి వచ్చేసింది.

కెల్లర్ పిస్టల్ తీశాడు. "వదులు!"

"కాల్చు దొరా," అన్నాడు పరంజ్యోతి తాడు మీదే ఉండి. "నా నెత్తిన మూడున్నర పౌన్ల హైడ్రోజన్ ఉండాది. ఒక్క నిప్పురవ్వ చాలు. నువ్వూ, నేనూ, నీ పెట్టే అంతా ఒకేసారి పోతాం. నాకైతే పెద్ద నష్టం లేదు."

అబద్ధం కాదని అతని ముఖం చూస్తే తెలుస్తోంది. కెల్లర్ వేలు ట్రిగ్గర్ మీద ఆగింది. ఆ ఆగడమే జయశీలకు చాలింది. గొడుగు పిడిలోంచి సన్నటి బ్లేడు దూసి వైర్‌లెస్ తీగను తెగ్గొట్టింది. అదే ఊపులో గొడుగు పిడితో కెల్లర్ మణికట్టు మీద కొట్టింది. పిస్టల్ ఇసుకలో పడింది. తమలో ఒకడి మీద పిస్టల్ ఎత్తాడన్న కోపంతో కూలీలు మీద పడి అతన్ని కదలకుండా పట్టుకున్నారు. పోలీసులు వచ్చేసరికి ఐదూ రెండు. సబ్‌మెరీన్‌కు ఆ సాయంత్రం ఏమీ వినపడలేదు.

"లెక్క ఖాయమంటివే అన్నా!" అంది జయశీల వగరుస్తూ.

"లెక్క సరిగానే ఉండాది. మనిషే లెక్కలోకి రాలేదు." అన్నాడు పరంజ్యోతి తాడును పీపాకు కట్టేస్తూ.

*

ముద్దుకృష్ణ మెడల్‌కు సిఫారసు చేస్తానన్నాడు. దాని బదులు ఎల్లప్ప నిర్దోషి అని ఒక్క కాగితం ఇవ్వమన్నాడు పరంజ్యోతి. "శాఖ తప్పు చేసినట్టు కాగితం మీద ఉండకూడదు. నువ్వెవరో కూడా ఎవరికీ తెలియకూడదు. రూల్," అన్నాడు అధికారి.

మర్నాడు పరంజ్యోతి పుంగనూరులో దిగాడు. తువ్వాలు లేదు, కంటికి గుడ్డ లేదు. ఎల్లప్ప భార్య మారెమ్మ అరుగు మీదే ఉంది.

"బకెట్టు కావాల్నా అప్పా?"

"లేదమ్మా. నీ మొగుడు బెలూన్ చేస్తాండాడని రాసిచ్చింది నేనే. లెక్క తప్పు జేసినా. జింకు చూసినా గానీ యాసిడ్ చూడలేదు. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు."

ఆమె ఏడవలేదు.

"నాకు సెప్తే ఏమొస్తాది? ఆయప్ప ఎట్లాంటోడో నాకు తెలీదా?" అంది. చెయ్యెత్తి వీధి చూపించింది. "బాయి కాడ నన్ను కడవ ముంచనియ్యరు. దేశద్రోహి పెండ్లామని ఎదురొస్తే మొగం తిప్పుకుంటాండారు. ఈ పొద్దు సంత. ఊరంతా ఆడ ఉండాది. పోయి వాళ్లకు సెప్పు."

"నేనెవరో చెప్పకూడదమ్మా. ఉద్యోగం..."

"ఆయప్పకు ఉండింది గదా, ఉద్యోగం."

పరంజ్యోతి సంతకు నడిచాడు. చింతపండు బస్తాల మధ్య ఒక ఖాళీ బండి ఎక్కాడు. తన పేరు, తన శాఖ, తన తప్పు, నూట ముప్పై పౌన్ల జింకు, రెండు సీసాల యాసిడ్, అన్నీ గట్టిగా చెప్పాడు. అర్థం కాలేదన్నవాళ్లకు సంగటి ఉదాహరణతో మళ్లీ చెప్పాడు. వెనకాల నిలబడి మారెమ్మ మొత్తం వింది. క్షమించానని అనలేదు. అతనూ అడగలేదు. సంత విడిచేటప్పటికి ఇద్దరు ఆడవాళ్లు అరుగు దగ్గరికి వచ్చి బకెట్లు చూస్తున్నారు.

వారం తిరక్కుండా ముద్దుకృష్ణ సంతకంతో ఉత్తర్వు వచ్చింది. ఏజెంట్ పరంజ్యోతిని రహస్య విధుల నుంచి తొలగించడమైనది. కారణం, సదుం నుంచి కలికిరి దాకా చింతపండు అమ్మేవాళ్లందరికీ అతను ఏజెంటని తెలుసు.