బఠానీకి పెట్టిన లంకణం

గ్రేస్ నల్లగొండలో మూడు రోజుల ఉపాధ్యాయ శిక్షణ ముగించుకుని శనివారం పొద్దున ఎల్బీనగర్‌లో బస్సు దిగేసరికి బఠానీ ఇంకా బతికే ఉంది.

చైతన్యపురిలో ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటింది. ఎదురింటి హాస్టల్ పిల్లలు ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. అత్త రాములమ్మ వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. భర్త ఆనంద్ కుమార్ ఆటోనగర్‌లో పనికి బయల్దేరబోతున్నాడు. ఏ శనివారమైనా ఆ ఇల్లు అలాగే ఉంటుంది.

గ్రేస్ మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచింది. ఆ తలుపు చప్పుడైతే చాలు, కిటికీ పక్క బోనులోని రెండు గినీ పిగ్‌లూ కొత్తిమీర వస్తుందని ఈల వేస్తాయి. ఆ రోజు గోధుమ ఒక్కటే వేసింది. బఠానీ బోనులో లేదు.

వంటింటి మూల ఒక వెదురు బుట్టలో దొరికింది. బొచ్చు నిక్కబొడుచుకుని, వీపు గూనిలా పెట్టుకుని, గోడకు ముఖం చేసి కూర్చుంది. కింద పరిచిన కాగితం శుభ్రంగా ఉంది. ఒక్క పెంటిక లేదు. గ్రేస్ బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెబుతుంది. ఆ శుభ్రమైన కాగితాన్ని చూడగానే బుట్ట ఎత్తుకుని, ఆనంద్‌ను వెంటబెట్టుకుని బయటికి పరిగెత్తింది.

కొత్తపేటలో చిన్న జంతువులను చూసే డాక్టర్ భానుమూర్తి భీమవరం మనిషి. బఠానీ పొట్టను రెండు వేళ్లతో ఒత్తి చూశాడు.

“ఎప్పట్నుంచి తినట్లేదండీ?”

“తెలియదు సార్. నేను ఊళ్లో లేను.”

“ఇవి రోజంతా గడ్డి నములుతూనే ఉండాలమ్మా. పొట్ట ఖాళీ అయిందంటే పేగులు ఆగిపోతాయి. పైగా జబ్బొస్తే దాచేసుకుంటాయి. మనకి కనబడేసరికి ఆలస్యం అయిపోద్ది. ఎవరైనా మేత ఆపేశారాండీ?”

ఆనంద్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. తొమ్మిది కొట్టకముందే బఠానీ డాక్టర్ అరచేతిలో చనిపోయింది.

అది జోస్నా తెచ్చుకున్న ప్రాణి. జోస్నా గ్రేస్‌కు ఒక్కతే కూతురు. పదిహేనేళ్ల పిల్ల. కిందటేడు వానల్లో డెంగీతో పోయింది. బఠానీని ఒళ్లో పెట్టుకుంటే గ్రేస్‌కు ఆ పిల్ల చేతుల వెచ్చదనం కొంచెం అందేది.

ఇంటికి రాగానే అత్త ఎదుట నిలబడింది.

“ఎవరు ఆపారు మేత?”

రాములమ్మ దాచలేదు. “నేనే ఆపిన బిడ్డా. ఎన్నడు నా కంట వడలే, బేస్తవారం పొద్దుగాల చూస్తే దాని పెంట అదే తింటున్నది. ముందురోజు మూర్ఛొచ్చినట్టు గాల్లకు ఎగిరెగిరి పడ్డది. కండ్లు తెరిచే పంటున్నది. కడుపుల ఏదో చెడ్డదనుకున్న. లంకణం పెడితే తేటవడ్తదని రెండొద్దులు ఒట్టి నీళ్లే పెట్టిన. నా ముగ్గురు పిల్లల్ని లంకణాలతోనే బతికిచ్చుకున్న గద.”

“అవన్నీ దానికి మామూలు. జబ్బు కాదు. బాగున్న ప్రాణిని మీరు కడుపు మాడ్చి చంపారు.”

పద్దెనిమిదేళ్లుగా గ్రేస్ అత్తను ‘నువ్వు’ అనే పిలిచింది. ఆ పూట మొదటిసారి ‘మీరు’ అంది. రాములమ్మ చింతపండు చేత్తోనే ఉలిక్కిపడి చూసింది.

ఆ తర్వాత గ్రేస్ గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేదని ఆమెకు తెలుసు. వేళకు అన్నం వడ్డించింది, వేడినీళ్లు తోడింది, మాత్రలు తీసి గూట్లో పెట్టింది. మాట మాత్రం కలపలేదు. రాములమ్మ మోకాళ్లు గుంజుతున్నాయంటే, “వయసు కదండీ, మామూలే” అంది. నిద్ర పట్టడం లేదంటే, “మామూలే” అంది. ఆ మాట అన్నప్పుడల్లా అత్త ముఖంలో ఏదో ఒకటి తెగడం గ్రేస్ చూసేది. చూసి తృప్తి పడేది.

బఠానీ పోయిన మర్నాటి నుంచే రాములమ్మ పగటి కంచం ముట్టలేదు. రాత్రి కంచంలోనూ గుప్పెడు తప్ప అంతా మిగిలేది. నాలుగు రోజులకు జాకెట్టు భుజాల దగ్గర జారింది. పొద్దున్నే వరండాలో పాడుకునే క్రీస్తు కీర్తనలు ఆగిపోయాయి. పగలంతా మంచం మీద గోడకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని కూర్చునేది. గ్రేస్ ఆ కూర్చోవడాన్ని గుర్తుపట్టింది. తిండి తగ్గడం, బరువు తగ్గడం, మూల చేరడం. ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే ఏమనుకోవాలో తన తరగతిలో ఏ పిల్లనడిగినా చెబుతుంది.

చూడనీ, అనుకుంది. ఖాళీ కడుపు ఎలా ఉంటుందో ఆమెకూ తెలియనీ.

“అమ్మ ఎట్లనో ఉన్నది గ్రేస్. దవాఖానకు తీసుకపోదామా?” అని ఆనంద్ రెండుసార్లు అడిగాడు.

“ఏం లేదు. మామూలే” అని రెండుసార్లూ చెప్పింది. గ్రేస్ మాట తూచి మాట్లాడుతుందని అతనికి నమ్మకం. ఇంకేం అడగలేదు.

బఠానీ పోయిన పదోనాడు, సోమవారం పొద్దున, గ్రేస్ బడికి తయారవుతుంటే ఇంటి యజమానురాలు అండాలమ్మ రాములమ్మను రెక్క పట్టుకుని పైకి తీసుకొచ్చింది.

“ఏం టీచరమ్మా, మీ అత్త నా మెట్ల మీద కూలవడ్డది. కండ్లు తిరిగినయట. మనిషి బొక్కలు తేలింది. ఇంట్ల అన్నం పెడ్తున్నరా, గాలి పెడ్తున్నరా?”

“పెడుతూనే ఉన్నాం అండాలమ్మా. ఆమే తినడం లేదు.”

“తినకుంటే అడుగవా? మాకు బర్రెలున్నప్పుడు ఒక్క బర్రె కుడితి ముట్టకుంటే వాడకట్టంత పరేషాన్ జేసేదాన్ని. గింత సదువుకున్నవ్!” ఆమె విసవిసా మెట్లు దిగిపోయింది. ఆనంద్ అప్పటికే పనికి వెళ్లాడు. ఇంట్లో ఇద్దరే మిగిలారు.

“ఎందుకు తినడం లేదు?” గ్రేస్ అడిగింది.

“మొక్కుకున్న. దానికి రెండొద్దులు మేత ఆపిన. నేను పది దినాలు ఆపుకుంటనన్న దేవునితోని. పొద్దుగూకినంక గుప్పెడు మెతుకులు, అంతే. ఇంకొక్క దినమున్నది.”

“నాకు చూపించడానికా ఇదంతా?”

రాములమ్మ తలెత్తింది. “చూసినవా మరి?”

గ్రేస్ బడి సంచి తీసి భుజానికి తగిలించుకుంది.

“చూసినవు. చూసి గూడ అడుగలే. సరే. చేసింది అనుభవిస్తున్న. కానీ గ్రేస్, జోస్నమ్మకు జరం దిగిన్నాడు బాగైందని నువ్వు బడికి పోయినవు. జరం దిగినంకనే పైలంగ ఉండాలెనని బిడ్డ పోయినంక డాక్టరు చెప్పిండు. అయినా నేను నిన్ను ఒక్క మాట అన్ననా? ఒక్కనాడన్న అన్ననా?”

ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనకపోతే లేనట్టేనని గ్రేస్ అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు దెబ్బకు దెబ్బ తీయాలి. ఎక్కడ తీయాలో వెతుక్కుంటూ ఉండగా రాములమ్మే చూపించింది.

ముసలామె గోడ పట్టుకుని బోను దగ్గరికి నడిచింది. బోను పైన జోస్నా అంటించిన కాగితాన్ని తాకి ఆ చేతిని కళ్లకద్దుకుంది. “నా మనసు దేవునికి ఎరుకే. బిడ్డ రాసిన ఈ వాక్యం ముట్టుకోకుండ ఒక్కనాడు లేను. ఆ రెండొద్దులు గూడ దీని మీద చెయ్యివెట్టే బఠానీ కోసం ప్రార్థన జేసిన.”

ఆ ఇంట్లో ప్రతి గోడ మీదా ఏదో ఒక బైబిల్ వాక్యం ఉంటుంది. రాములమ్మకు చదువు రాదు.

“అది వాక్యం కాదండీ” అంది గ్రేస్ మెల్లగా. “ఏముందో చదవమంటారా?”

అంటించిన రోజు మొదటి వరుసలు పైపైన చూసిందంతే; కూతురి చేతిరాత చూడలేక ఆ కాగితం వైపు గ్రేస్ ఏడాదిగా కన్నెత్తలేదు. ఇప్పుడు టేపు ఊడదీసి, తరగతి గదిలో చదివినట్టు, ఒక్కో మాట విడదీసి చదివింది. అత్తకు ప్రతి అక్షరం తగలాలని చదివింది.

“‘బఠానీ, గోధుమ గాల్లోకి ఎగిరి గెంతితే మూర్ఛ కాదు, సంతోషం. కళ్లు తెరిచే పడుకుంటాయి, మామూలే. వాటి పెంటికలు అవే తింటాయి, ఛీ అనొద్దు, అది వాటి ఒంటికి మంచిది. గడ్డి మానేసినా, పెంటికలు వేయకపోయినా, బొచ్చు లేచి మూల కూర్చున్నా జబ్బు. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. ఒక్క పూట కూడా పస్తు ఉంచొద్దు.’”

రాములమ్మ నేల మీద కూర్చుండిపోయింది. గ్రేస్ కోరుకున్నది అదే. కాగితం మడవబోతూ, కింద ఇంకో రెండు వరుసలు ఉండడం చూసింది. చదవడం మొదలుపెట్టాక గానీ అవి తనకే రాసినవని అర్థం కాలేదు.

“‘అమ్మా, నాయనమ్మకు చదవడం రాదు. పగలంతా వీటితో ఉండేది ఆమే. నువ్వు ఇదంతా ఆమెకు ఒకసారి చదివి చెప్పు.’”

కింద వీధిలో హాస్టల్ పిల్లలు ఎవరినో పిలుచుకుంటున్నారు. గ్రేస్ ఆ రెండు వరుసలూ మళ్లీ చదివింది, ఈసారి లోపలే. ఏళ్లుగా వందల మంది పిల్లలకు చదువు చెప్పింది. ఈ పది వరుసలు ఇంట్లో మనిషికి చెప్పలేదు.

“నాకు చెప్పమన్నదా, బిడ్డా?” రాములమ్మ అడిగింది. నింద వేస్తున్నట్టు అడగలేదు. మనవరాలికి తాను గుర్తున్నానన్న మాట వినడానికి అడిగింది.

“చెప్పమంది అత్తమ్మా. నేనే చెప్పలేదు.” గ్రేస్ ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఏడుపు వచ్చింది. జోస్నా పోయిన రోజు రాని ఏడుపు. రాములమ్మ ఎముకలు తేలిన చేత్తో కోడలి వీపు రాస్తూ ఉండిపోయింది.

కాసేపటికి గ్రేస్ లేచి జొన్న జావ కాచి తెచ్చింది. “తాగు అత్తమ్మా.”

“ఇంకొక్క దినమున్నది గద మొక్కు.”

“ఆ దినం పస్తు నేనుంటా. నువ్వు తాగు.”

మధ్యాహ్నం దవాఖానలో సెలైన్ ఎక్కించారు. రక్తం బాగా తగ్గిందని, ఇంకో వారం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. మర్నాడు గ్రేస్ మంచినీళ్లతో ఉంది.

రెండు వారాలకు రాములమ్మ పాట మళ్లీ వరండాలో వినిపించింది. “గ్రేస్, గిది ఎగురుతున్నది, సంతోషమేనా?” అని బోను దగ్గర నుంచి కేకేస్తుంది. “సంతోషమే అత్తమ్మా” అని వంటింట్లోంచి గ్రేస్ జవాబిస్తుంది.

“నువ్వు కనిపెట్టి చూసుకున్నవు గనుక అమ్మ దక్కింది” అని ఆనంద్ ఇప్పటికి ఎందరితోనో చెప్పాడు. అత్త తినడం లేదని తెలిసీ అతను అడిగిన రెండుసార్లూ అబద్ధం చెప్పానని గ్రేస్ అతనికి ఇంకా చెప్పలేదు.