దొంగగొంతు

ఆ ఉదయం ఇంట్లో అయిదుగురున్నారు. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర నాన్న, పక్కనే కాజాలు కుడుతూ అమ్మ, గుమ్మంలో కుర్చీ వేసుకుని నానమ్మ, వెనకగదిలో పాడుతూ అన్నయ్య, అతని పక్కన చెల్లెలు. చెల్లెలికి ఆ గదిలో పనేమీ లేదు. కానీ అన్నయ్య పాడినంతసేపూ ఆమె అక్కడే ఉండాలి, తలుపు మూసి ఉండాలి. అది నాన్న పెట్టిన నియమం.

అన్నయ్య మాట్లాడితే కుండలో గులకరాళ్లు వేసినట్టుంటుంది. పాడితే మాత్రం గొంతు ఆడవాళ్లకన్నా పైకి వెళ్తుంది. సన్నగా ఉంటుంది, వణకదు. సూదిలోకి దారం ఎక్కినట్టు సూటిగా వెళ్తుంది.

మూడేళ్ల కిందట బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ ఆ పాట విని, "ఎవరండీ, మీ అమ్మాయా?" అని అడిగింది. అప్పుడు నాన్న నోట్లో గుండుసూదులున్నాయి. "ఊఁ" అన్నాడు. ఆ ఒక్క "ఊఁ" వీధంతా పాకింది. కొళాయి దగ్గర, కొట్టు దగ్గర అందరూ చెల్లెలిని ఆపి మెచ్చుకునేవాళ్లు. నలుగురిలో నోరు తెరవలేని పిల్ల తల వంచుకుని వచ్చేసేది. "ఇంట్లో మూగమ్మ, వీధిలో కోకిలమ్మ" అని నానమ్మ నవ్వేది.

ఆ ఉదయం పాట ఆగేసరికి గ్రంథాలయం సెక్రటరీ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వెంట ఆయన భార్య కూడా ఉంది.

"మాస్టారూ, ప్యాంటు కోసం వచ్చి పావుగంటగా ఇక్కడే నిలబడిపోయాం. మా ఆవిడ కళ్లు చూడండి, ఎలా చెమర్చాయో. వచ్చే ఆదివారం మా కొత్త హాలు ప్రారంభం. మొదటి పాట మీ అమ్మాయిదే. కాదనకూడదు."

"కూర్చోండి, ఇప్పుడే వస్తాను" అని నాన్న వంటింట్లోకి నడిచాడు. ఇద్దరు పిల్లల్నీ పిలిచాడు. అమ్మ కూడా వెనకే వచ్చింది.

"ఏం లేదమ్మా" అన్నాడు చెల్లెలితో. " నువ్వు స్టేజీ మీద నిలబడి పెదాలు కదుపు చాలు. వాడు తెర వెనక పాడతాడు."

"అదేం పనండీ?" అంది అమ్మ.

"నీకు తెలీదు, నువ్వుండు. బళ్లో వీడు పాడినప్పుడు హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు విన్నది నేను."

"ఆ రోజు నవ్వింది నన్ను చూసి" అన్నాడు అన్నయ్య. "నేనెప్పుడో మర్చిపోయాను. మీరే ఇంకా మోస్తున్నారు. నేను తెర వెనక పాడను నాన్నా."

"పాడకపోతే మానెయ్! అసలు అది గొంతేనా? దొంగగొంతు! ఉన్న గొంతు దాచుకుని లేని గొంతుతో పాడటం!"

అన్నయ్య ముఖం పాలిపోయింది. రేడియోలో అలాంటి గొంతుతో పాడిన ఒకాయన్ని విన్న రోజు, ఆ గొంతు పేరు 'కౌంటర్‌టెనర్' అని బట్టల మీద గీసే సుద్దతో కటింగ్ బల్ల అడుగున రాసుకున్నాడు. ఆ బల్ల కింద పడుకుని ఆ అక్షరాలనే చూస్తూ ఉండటం చెల్లెలు ఎన్నిసార్లు చూసిందో.

"దొంగని నేను నాన్నా" అంది చెల్లెలు.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"పాడింది అన్నయ్య. మెప్పు తీసుకుంది నేను. మూడేళ్లనుంచి. ఇందులో దొంగ ఎవరు?"

జవాబు కోసం ఆగితే ధైర్యం పోతుందని ఆమె తిన్నగా ముందుగదిలోకి నడిచింది. "పాడేది నేను కాదండీ. మా అన్నయ్య."

సెక్రటరీ గారు గట్టిగా నవ్వారు. "బలేదానివమ్మా! సిగ్గయితే సిగ్గని చెప్పు, ఆ బండగొంతు అబ్బాయి మీద తోస్తావేం? నిన్ననే వాడు నాతో మాట్లాడాడు. ఉరిమినట్టుంది!"

"నిజమేనండీ, పాడేది వాడే" అంది నానమ్మ. "ఆ గొంతుకేదో పేరు కూడా ఉందిట. కౌంటరో ఏదో."

"టికెట్లమ్మే కౌంటరా మామ్మగారూ?"

"నవ్వండి, నవ్వండి. మొదటిసారి విన్నప్పుడు నాకు భయమేసింది, వీడికేమైందా అని. రెండోసారి ఏడుపొచ్చింది. ఇప్పుడు వాడు పాడకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు."

నాన్న వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. మాట్లాడటం ఇష్టం లేనప్పుడు చేసే పనే చేశాడు. నాలుగు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు.

"ఏం మాస్టారూ, అమ్మాయే కదా పాడేది?" అడిగారు సెక్రటరీ గారు.

మళ్లీ ఒక్క "ఊఁ" చాలు. చెల్లెలు నాన్న వైపే చూసింది. ఈసారి తల వంచలేదు. నీళ్లు నిండుతున్నా కళ్లు తిప్పలేదు.

నాన్న ఒక సూది తీసి సూదుల దిండుకు గుచ్చాడు. రెండోది తీశాడు. మూడోది. నాలుగోది.

"ఆ రోజు నా నోట్లో సూదులున్నాయండీ" అన్నాడు. "ఇప్పుడు లేవు. పాడేది నా కొడుకు."

వంటింటి గడపలో అన్నయ్య గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"వింటేగానీ నమ్మలేను మాస్టారూ" అన్నారు సెక్రటరీ గారు.

"నవ్వడానికయితే వద్దు" అన్నాడు నాన్న. "వినడానికయితే కూర్చోండి. ఒరే, పాడు."

"ఇక్కడ పాడితే నా నోరు చూస్తారు, గొంతు వినరు" అన్నాడు అన్నయ్య. "ముందు గొంతు వినండి. తరవాత ఇదే గదిలో, మీ ఎదురుగా నిలబడి పాడతాను. వచ్చే ఆదివారం స్టేజీ మీదా అంతే. తెరలేం కట్టకండి."

అతను వెనకగది వైపు నడిచాడు. అలవాటు కొద్దీ చెల్లెలు కూడా వెంట నడిచింది. గడప దగ్గర అన్నయ్య వెనక్కి తిరిగి, ఆమె భుజాలు పట్టుకుని అందరికీ కనబడేలా నిలబెట్టాడు.

"నువ్వు బయటే ఉండు. నోరు మూసుకుని నిలబడు. అందరూ నిన్ను చూడాలి."

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. కన్నీళ్లు వేళ్ల మీదుగా జారుతున్నాయి. అన్నయ్య నవ్వి, ఆమె ముఖం మీదే తలుపు మూసేశాడు.