చల్లగుంటలో గుటకగొట్టం

రెండువేల తొంభై మూడు, ఫిబ్రవరి పదకొండు. ఆ మధ్యాహ్నం చల్లగుంటలో తోటకూర పులుసు, మనిషికో చేపముక్క వడ్డించారు. సువర్చలకు ఆ తేదీ గుర్తుండిపోవడానికి కారణం పులుసు రుచి కాదు. పంపు మరమ్మతు కోసం ఆగిన ఆ గంటలో ఆమె, భర్త కోదండం చాలా నెలల తరువాత ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. కోదండం తన చేపముక్కలో ముళ్ళు లేని సగం తీసి ఆమె కంచంలో వేశాడు.

చల్లగుంట చంద్రుడి మీద ఒక చిన్న ఊరు. పెద్ద గుంట అడుగున, మట్టి కప్పిన గుమ్మటాల కింద జనం ఉంటారు. ఊరికి కూరలూ చేపలూ ఇచ్చేది ఒక పొడవాటి హాలు. దాని పేరు చేపమడి. కింద ట్యాంకుల్లో చేపలు, పైన గులకరాళ్ళు నింపిన తొట్లలో మొక్కలు. చేపలు మురికి చేసిన నీటిని పంపు పైకి తోస్తుంది. మొక్కలు ఆ మురికినే ఎరువుగా తీసుకుని, తేరిన నీటిని చేపలకు తిరిగి ఇస్తాయి. నియమం ఒక్కటే. తొట్టి నిండాలి, ఖాళీ కావాలి, మళ్ళీ నిండాలి. ఎప్పుడూ నిండుగానే ఉంటే వేళ్ళకు గాలి ఆడక కుళ్ళిపోతాయి.

మొదట్లో ఎలక్ట్రిక్ వాల్వులు ఆ పని చేసేవి. కానీ చంద్రుడి ధూళి గాజుపొడి లాంటిది. అది మోటార్లలో దూరి వాటిని ఒక్కొక్కటిగా తినేసింది. ఇక చేత్తో తిప్పడమే మిగిలింది. నీటి సంగతీ మొక్కల సంగతీ తెలిసినవాళ్ళు ఊళ్ళో ఆ ఇద్దరే. ఒకరు నిద్రపోతే మరొకరు వాల్వుల దగ్గర. వాళ్ళ కాపురమంతా డ్యూటీ మారే వేళ చెప్పుకునే మాటల్లోనే సాగుతోంది.

"మూడో తొట్టి నీరు మెల్లగా దిగుతోందండీ."

"సరే. అన్నం మీద మూత పెట్టాను, తిను."

ఆ రోజు వాళ్ళ భోజనం ఇంకా సగంలో ఉండగానే ఊరి మేనేజరు సర్వారాయుడు వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, చెప్పలేక చెప్పాడు.

"అమ్మాయ్, మంచుగనులకి మనుషుల్ని పంపమని పైనుంచి ఒకటే పోరు. ఒక్క హాలుకి ఇద్దరు ఇంజనీర్లు ఏంటంటున్నారు. సరుకుల ఓడ వచ్చేలోపు మడి దానంతటది నడిచిందా, మీరిద్దరూ ఇక్కడే పగటి పని చూసుకోండి. నడవలేదా, హాలు మూసేసి నిన్నో గనికి, ఇతన్నో గనికి పంపాలి."

"మరి చేపల్నేం చేస్తారండీ?" అడిగాడు కోదండం.

"ఏం చేస్తాం? పులుసే."

"అయితే మా ఇద్దర్నీ కూడా అందులోనే వేసేయండి. ఒకచోట ఉంటాం."

సర్వారాయుడు నవ్వబోయి ఆపుకున్నాడు. సువర్చల మాత్రం కంచంలో వేలు అలాగే ఉంచి ఆలోచిస్తోంది.

"మోటారే లేకపోతే ధూళి దేన్ని తింటుంది?" అంది.

ఆమె మనసులో ఉన్నది భూమి మీద పెరటి తోటల వాళ్ళు ఇంట్లోనే చేసుకునే సైఫన్. తొట్టి మధ్య ఒక నిలువు గొట్టం. దాని మీద బోర్లించిన జాడీ, జాడీ అంచుకు కొన్ని గాట్లు. నీరు గొట్టం తల దాటగానే లోపలికి పొర్లి, గాలిని తనతో లాక్కుపోతుంది. గాలి పోయాక ఆ లాగుడుకు తొట్టెడు నీరూ దిగిపోతుంది. చివర్లో అంచు గాట్ల గుండా గాలి చొరబడి 'గుటుక్' మంటుంది, లాగుడు ఆగుతుంది, తొట్టి మళ్ళీ నిండడం మొదలవుతుంది. కరెంటు లేదు, కాపలా లేదు. ఊరివాళ్ళు దానికి గుటకగొట్టం అని పేరు పెట్టేశారు, అది ఇంకా ఒక్క గుటకైనా వేయకముందే.

ఎందుకంటే చంద్రుడి మీద అది పనిచేయలేదు. అక్కడ నీటి బరువు భూమి మీద బరువులో ఆరో వంతు. బరువు తగ్గిన నీటికి బద్ధకం ఎక్కువ. గొట్టం నిండా పడాల్సిన నీరు, గోడను అంటిపెట్టుకుని సన్నని పొరలా పాకుతూ దిగింది. మధ్యలో గాలి ఎక్కడిదక్కడే ఉంది. వెడల్పు గొట్టం పెట్టారు, సన్నది పెట్టారు, పైన గరాటు అతికించారు. వంటశాలలో ఖాళీ అయిన పచ్చడి జాడీలన్నీ తొట్లలో బోర్లాపడ్డాయి. నీరు మాత్రం పాకుతూనే ఉంది. ఓడ భూమి నుంచి బయలుదేరిందన్న కబురూ వచ్చింది.

ఒక ఉదయం అయిదో తొట్టి 'గుటుక్' మంది.

సువర్చల చేతిలో పానా వదిలేసి పరుగెత్తింది. పానా తీరిగ్గా కిందికి దిగింది. తొట్టి అడుగున గులకరాళ్ళు తడిగా మెరుస్తున్నాయి. పక్క తొట్టిలోనూ అదే కొలత గొట్టం, అదే కొలత జాడీ. అందులో నీరు కదలలేదు.

"తేడా ఏమిటి?" అని హాలు లెక్కలు చూసే యంత్రాన్ని అడిగింది. ఊళ్ళో దాన్ని గుమాస్తా అంటారు.

"కొలతల్లో తేడా లేదు. అమర్చిన మనిషి వేరు. అయిదోది కోదండం గారు," అంది గుమాస్తా.

సువర్చల జాడీ ఎత్తి వాసన చూసింది. "ఏవండీ! ఇది కడిగారా?"

"కడిగానే."

"దేంతో?"

కోదండం కొంచెం ఆలోచించి, "అన్నంతో," అన్నాడు.

"అన్నంతోనా!"

"మరీ అలా చూడకు. మాగాయ అయిపోయింది. అడుగున వేడన్నం వేసి కలుపుకుని, గోడలన్నీ తుడిచి తిన్నాను. ఇంక అందులో ఏం మిగుల్తుంది? నీళ్ళు దండగని అలాగే పెట్టేశా."

"ఆ చేతులతోనే గొట్టం పెట్టారా?"

"గొట్టం లోపల గరుకు ఉంటే వేలు పెట్టి నున్నగా చేశాను…"

సువర్చల అతన్ని తిడదామని నోరు తెరిచి, తెరిచిన నోటితోనే నవ్వడం మొదలుపెట్టింది. నూనె! నూనె ఉన్నచోట నీరు గోడకు అంటుకోదు. ముద్దకట్టి జారుతుంది. ఆ ముద్ద గొట్టంలో బిరడాలా పట్టి గాలిని ముందుకు తోసుకుపోయింది. నూనె నాలుగు రోజుల్లో కొట్టుకుపోతుంది, చేపలకూ మంచిది కాదు. అందుకని గొట్టాల లోపల పలచగా మైనం పూశారు. ఒకదాని తరువాత ఒకటి తొట్లన్నీ గుటకలు వేశాయి.

సర్వారాయుడు పరీక్ష పెట్టాడు. రెండు రోజులు హాల్లోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. పెడితే ఓడిపోయినట్టే.

మొదటి రోజు మొగుడూ పెళ్ళాలు ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని భోంచేశారు. ఎన్నాళ్ళుగానో కోరుకున్న భోజనం. కానీ ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు.

"కూర బాగుందా?"

"బాగుంది."

"ఉప్పు?"

"ఉంది."

కాసేపటికి కోదండం అలా నడిచొస్తానన్నాడు. ఇంకాసేపటికి సువర్చల కూడా చెప్పులేసుకుంది. ఇద్దరూ హాలు బయట, అద్దాల గోడ ముందు కలుసుకున్నారు.

"ఇదేనా మీ నడక?"

"నువ్వు ఇల్లు తుడుస్తానన్నావుగా?"

అక్కడికి చేరాక మాటలు వాటంతటవే వచ్చాయి. రెండో రోజూ అక్కడే తేలారు. సాయంత్రం, మాటల మధ్యలో కోదండం ఠక్కున ఆగిపోయాడు. మూడో తొట్టి నిండింది, దిగడం లేదు. నీరు అంచుకు చేరింది.

"వెళ్ళి ఒక్కసారి తడతాను. ఒక్కసారే," అన్నాడు.

"వెళ్తే మీరో గని, నేనో గని."

"మొక్కలు మునిగిపోతాయే!"

సువర్చల అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంచు మీద నీరు బొబ్బలా ఉబ్బింది. ఇక పొంగుతుందనగా లోపలెక్కడో చిన్న బుడగ కదిలింది. తరువాత తొట్టెడు నీరూ గలగలా దిగిపోయి, చివర్లో నిండుగా, తృప్తిగా 'గుటుక్' మంది.

వెనకాల ఎవరో "హమ్మయ్య" అన్నారు. ఒక్క గొంతు కాదు. ఇద్దరూ వెనక్కి తిరిగారు. సగం ఊరు అక్కడే ఉంది. కొందరు చాపలు తెచ్చుకున్నారు. సర్వారాయుడు టిఫిను పళ్ళెం పట్టుకుని, పెసరట్టు తినడం మరిచిపోయి నిలబడ్డాడు.

"మీరేంటండీ ఇక్కడ?" అంది సువర్చల.

"పరీక్ష సరిగ్గా జరుగుతోందా అని చూద్దామని…" అంటూ ఆయన నసిగాడు. "నిన్న పొద్దున్నుంచీ ఆ మూల నుంచి చూస్తున్నా."

గుమాస్తా నివేదిక చదివింది. "తొట్లు ఒక్కసారీ తప్పలేదు. మనిషి చెయ్యి పడలేదు. ఈ హాలుకు మనుషుల అవసరం లేదు. అయితే కాపలా కాసిన నెలలన్నిటిలో రానంత జనం ఈ రెండు రోజుల్లో వచ్చారు. ఎవరూ పని చెప్పలేదు. శబ్దం వల్ల ఇబ్బందిపడి వచ్చినట్టయితే, గొట్టాలకు మెత్తని తొడుగు వేసి గుటక వినబడకుండా చేయవచ్చు."

"వద్దు!" అన్నారు అందరూ. సర్వారాయుడి గొంతు అన్నిటికన్నా పెద్దగా వినబడింది.

చంద్రుడి మీద వాన లేదు, వాగు లేదు. కుళాయి కూడా తుంపరే ఊదుతుంది. మనిషిని అక్కణ్ణించి విడిపించడానికి చేసిన యంత్రం, ఊరందర్నీ తెచ్చి అక్కడే కూర్చోబెట్టింది. కారణం అనే గడిలో ఏం రాసుకోవాలో తెలియక గుమాస్తా దాన్ని ఖాళీగా వదిలేసింది.

"ఇంక మీరు ఇంటికి పొండమ్మా. ఏ గనికీ పోనక్కర్లేదు," అన్నాడు సర్వారాయుడు పళ్ళెం కింద పెట్టి, చాప మీద చోటు చూసుకుంటూ.

ఇంటికి రాగానే కోదండం మంచం మీద వాలాడు. అలవాటు కొద్దీ, సగం నిద్రలోనే అడిగాడు. "ఇప్పుడు ఎవరి డ్యూటీ?"

"ఎవరిదీ కాదు. పడుకోండి."

జవాబు అతనికి చేరిందో లేదో తెలియలేదు. అప్పటికే ఊపిరి బరువెక్కింది. సువర్చల దీపం తగ్గించి, అతని మోకాళ్ళ మీదికి జారిన దుప్పటి సరిచేసింది. తరువాత చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి నడిచి, లోపలి నుంచి మెల్లగా మూసింది.