బబ్లు అద్దాల పెట్టె

"బబ్లుకు ఎవరో విషం పెడుతున్నరు మేడం. ఎవరో కాదు, మా బాపమ్మనే."

ఆర్మూర్ మార్కెట్ యార్డు ఎదుట, మేడమీది గదిలో స్వర్ణలత డిటెక్టివ్ ఆఫీసు. పెళ్లి సంబంధాల వాకబు, గల్ఫ్ ఏజెంట్ల బాగోతాలు తప్ప ఆ మెట్లెక్కే కేసులు తక్కువ. అందుకే విషం అన్న మాట వినగానే అసిస్టెంటు లోకేశ్ నిటారుగా కూర్చుని, బాబు వయసెంత అని అడిగాడు. ఏడాదిన్నర అంది ఎదురుగా కూర్చున్న దీక్షిత. పోలీసులకు చెప్పారా అంటే, ఊసరవెల్లి కోసం పోలీసులు రారంది. లోకేశ్ రాసుకున్న రెండు లైన్లూ కొట్టేశాడు. స్వర్ణలత మాత్రం నవ్వలేదు. డిగ్రీ చదివే ఆ అమ్మాయి కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

బబ్లు మన అడవిది కాదు, విదేశీ జాతి. హైదరాబాద్‌లో ఒక సీనియర్ సాకలేక కాగితాలతో సహా దీక్షితకు అప్పగించింది. వసారాలో ఇనుప తీగల జాలీ పంజరం పెట్టి అందులో ఉంచితే రెండు నెలలు పచ్చగా, హుషారుగా ఉంది. రంగులు మార్చే జీవి గడప దగ్గర ఉంటే ఇంటికి కీడని దీక్షిత నాన్నమ్మ నీలవ్వ అది వచ్చిన రోజే సణిగింది. ఒకరోజు జాలీ మీద పసుపుపచ్చ మరకలు కనిపించాయి. ఎవరో ఏదో చల్లారని దీక్షిత భయపడింది. బయటి చెయ్యి దూరకూడదని పట్టుబట్టి అద్దాల పెట్టె చేయించి, తన గదిలో పెట్టి, తాళంచెవి మెడలో వేసుకుంది. అది జరిగి పన్నెండు రోజులు. తాళం తాళం లాగే ఉంది, బబ్లు మాత్రం చావుకు దగ్గరపడింది. పొద్దున ఆపుకోలేక బాపమ్మను ముఖం మీదే హంతకురాలంది. నీలవ్వ బట్టలు సర్దుకుంది. అయిదింటి బస్సుకు దొంకేశ్వర్‌లో కూతురింటికి పోతుందట, మళ్లీ ఈ గడప తొక్కదట.

"బస్సు కంటే ముందు తేలుస్త. పద," అంది స్వర్ణలత.

ఇంటి ముందు ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండుతున్నాయి. దీక్షిత తండ్రి గంగాకిషన్ తల్లికీ బిడ్డకూ మధ్య దిక్కుతోచక నిలబడ్డాడు. మేడ మీద దీక్షిత గదిలో అద్దాల పెట్టె ముచ్చటగానే ఉంది. లోపల ప్లాస్టిక్ తీగలు, వేడికి ఒక బల్బు, అంచుదాకా నీళ్లున్న గిన్నె. బబ్లు నల్లబడి, కళ్లు లోపలికి పోయి, అద్దంలోని తన నీడకేసి నోరు తెరుచుకుని ఉంది. పశువుల డాక్టరు వచ్చి చూశాడనీ, విషం గుర్తులు లేవనీ, బర్రెలైతే ఇంకా బాగా చెప్పేవాణ్ణని వెళ్లిపోయాడనీ గంగాకిషన్ చెప్పాడు. గిన్నె గురించి స్వర్ణలత అడిగింది. అది పంజరం నాటిదేననీ, ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటుందనీ దీక్షిత జవాబిచ్చింది.

తర్వాత స్వర్ణలత వసారాలో పడున్న పాత పంజరాన్ని చాలాసేపు చూసింది. పసుపు సీజన్‌లో ఈ ఊళ్లో ఎక్కడ చూసినా పసుపే, కానీ అది దుమ్ము పొరలా పరుచుకుంటుంది. జాలీ మీద ఉన్నవి మాత్రం గుండ్రటి చుక్కలు, కొన్ని కిందికి జారి ఆరాయి. గడప పక్కన నీలవ్వ రాగిచెంబు, అందులో ఎండిన వేపమండ. స్వర్ణలత మెట్ల మీద కూర్చుని హైదరాబాద్‌లో తెలిసిన జంతువుల డాక్టరుకు ఫోన్ చేసింది. లేచేసరికి ఆమె ముఖం తేటపడింది. లోకేశ్‌కు ఆ ముఖం తెలుసు, ఇక తిరుగులేదనుకున్నాడు.

అందరినీ వసారాలోకి పిలిచింది. నీలవ్వ సంచి ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

"అవ్వా, పంజరం మీద ఏం చల్లిండ్రు?"

నీలవ్వ దాచలేదు. "పసుపు నీళ్లు. రోజు పొద్దుగాల వాకిలి ఊడ్చి సాన్పు నీళ్లు చల్లినంక, గింత దాని మీద గూడ చల్లేదాన్ని. ఇంటికి కీడు రావద్దని. మీదికి తీస్కపోయి తాళమేసినంక మానేసిన. మందు పెట్టుడు నాకు తెల్వదు బిడ్డా."

"తెలుసు. పంజరంల ఉన్నన్ని దినాలు అది బతికింది గా నీళ్లతోనే."

స్వర్ణలత దీక్షిత వైపు తిరిగింది. ఊసరవెల్లి గిన్నెలోని నీళ్లను నీళ్లనుకోదనీ, ఆకు మీద, జాలీ మీద మెరిసే చుక్కనే నాలుకతో అందుకుంటుందనీ, అందుకే గిన్నె ఏనాడూ తగ్గలేదనీ చెప్పింది. అద్దాల పెట్టెలో గాలి ఆడదు, బల్బు వేడి పోదు, తన నీడనే శత్రువనుకుని రోజంతా రగిలిపోతుంది. అన్నిటికీ మించి, అక్కడ ఒక్క చుక్కా రాలదు.

"విషం ఎవరూ పెట్టలే. తెల్వకనే రెండు నెలలు నీళ్లు తాగించింది మీ బాపమ్మ. గా చెయ్యి రాకుండ తాళమేసింది నువ్వు."

ఈసారి దీక్షిత ఏడవలేదు. ఏం చెయ్యాలో చెప్పండి అంది. పాత పంజరం కడిగింది. పెరట్లోని మందారం కుండీ ఎత్తుకొచ్చి లోపల దింపింది. బల్బును జాలీకి బయట, ఒక మూలకు పైన కట్టింది, వేడెక్కితే బబ్లు అవతలి మూలకు జరిగేలా. లోకేశ్ మెడికల్ షాపు నుంచి తెచ్చిన సెలైన్ గొట్టాన్ని నీళ్ల సీసాకు తగిలించి, చుక్కచుక్కగా ఆకుల మీద పడేట్టు వేలాడదీశారు. బబ్లును కొమ్మ మీదికి ఎక్కించారు. అది కదల్లేదు. పావుగంట గడిచినా కదల్లేదు.

దీక్షిత రాగిచెంబు తోమి, ఉత్త నీళ్లు నింపి, తాజా వేపమండ వేసి బాపమ్మ చేతికి ఇచ్చింది. నీలవ్వ మనవరాలిని ఒక్కసారి చూసి, సంచి పక్కన పెట్టి లేచి, రోజూ చల్లినట్టే చల్లింది. ఆకులు తళతళమన్నాయి. బబ్లు ఒక కన్ను మెల్లగా తిప్పింది. నాలుక చాచి ఒక చుక్క నాకింది, మరొకటి నాకింది.

బయట అయిదింటి బస్సు హారన్ మోగింది. గంగాకిషన్ తల్లి వైపు చూశాడు. దీక్షిత బాపమ్మ పక్కకు వచ్చింది. "బాపమ్మా, నాతోని మస్తు తప్పయింది..."

"సప్పుడు జెయ్యకు," అంది నీలవ్వ, పంజరం మీంచి చూపు తిప్పకుండానే. "తాగుతున్నది."

లోకేశ్ చప్పుడు కాకుండా సంచి తీసుకెళ్లి ఇంట్లో పెట్టాడు.