పిట్ట ముట్టని విస్తరి

రుద్రంగి దాటినంక రోడ్డు పక్కన ఆ మాపటికి మీరు ఏం చూసిండ్రో ముందు చెప్పుండ్రి. లారీలల్ల, కార్లల్ల అద్దాలు ఎక్కించుకొని అక్కడనే కూసున్నరు గద. టార్పాలిన్ కింద ఒక తల్లి బిడ్డకు తినిపిస్తుంటే కండ్లతోని చూసిండ్రు. "అది పెట్టకు తల్లీ" అని ఒక్కడన్న కేక ఎయ్యలే, ఎందుకు?

తెలంగాణ లొల్లి గట్టిగ నడుస్తున్న చలికాలం. రాజమణి కోరుట్ల నుంచి రోజూ సిరిసిల్లకు పోయి మరమగ్గాల సాంచెల కాడ నూలు కండెలు చుట్టేది. బడులు బందు పెట్టిండ్రని ఏడేండ్ల బిడ్డ వనితను కూడ వెంట తీసుకపోయింది. తిరిగి వద్దామంటే బస్సులు లేవు. కోరుట్ల దాంక పోయే సలావుద్దీన్ జీపు ఒక్కటి దొరికింది. అందుల అప్పటికే జగిత్యాల పోయే ముసలాయన బక్కయ్య కాళ్లు చాపుకొని కూసున్నడు.

"ఎక్కు బిడ్డా. ఊరూరికి వంటావార్పు నడుస్తున్నది. తినుకుంట పోదాం. ఇంట్ల కోడలు పెట్టదు, ఉద్యమమన్న పెడుతది."

"నీ కోడలు విన్నదంటే నిన్నే పొయ్యి మీద పెడుతది తాతా," అని సలావుద్దీన్ గేరు ఏసిండు.

ముసలాయన అన్నది నిజమే. ఆ దినాలల్ల రోడ్డుకు అడ్డం పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజులల్ల వండి, వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు ఆకులల్ల పెట్టేది. కులం అడిగేది లేదు, పేరు అడిగేది లేదు. రోడ్డు మీద గంజు కనిపిస్తే అది అందరిది. అయితే ఆగితే మళ్ల జీపును వదలరని భయపడి, సలావుద్దీన్ ఊర్ల లోపలి దోవలల్ల పోనిచ్చిండు. ఎవ్వరి కడుపుల మెతుకు పడలే.

రుద్రంగి దాటంగనే మొగులు నల్లబడ్డది. చలికాలంల అసొంటి వాన ముసలాయన కూడ చూడలే. ముందు గాలి లేచింది. తర్వాత వడగండ్లు, జీపు రేకు మీద కంకర గుమ్మరించినట్టు. ఎదురుంగ వేపచెట్టు విరిగి రోడ్డు మీద పడ్డది. ముందర బండ్లు, ఎనుక బండ్లు, కదిలే దారి లేదు. పొద్దు ఇంక గూకలే గని మునిమాపు లెక్క మసక కమ్మింది. జీపు పరద చినిగి లోపలికి నీళ్లు కొట్టినయి. వనిత పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. ఒళ్లు మాత్రం కాలుతున్నది.

"అమ్మా... ఆకలి."

రోడ్డు దిగువన ఒక టార్పాలిన్ కట్టి ఉన్నది. దాని పక్కన కాలిన టైరు ఇంక పొగ కక్కుతున్నది. నలుగురు అందులకు ఉరికిండ్రు.

లోపల మనిషి లేడు. మూత పెట్టిన గంజు ఉన్నది. దాని పక్కన మోదుగాకుల విస్తరిల అన్ని వడ్డించి ఉన్నయి. అన్నం, మాంసం, గారెలు, ఉడుకబెట్టిన గుడ్డు. ఆకు డొప్పల కల్లు.

"వంటావార్పోళ్లు వానకు పారిపోయినట్టున్నరు," అన్నడు బక్కయ్య. "కల్లు కూడ పోస్తున్నరు చూడు! గిసొంటి ఉద్యమం నా పడుసుతనంల ఎటువోయిందో!"

"తాతా, ఎవరిదో ఏమో. అడుగకుంట ముట్టకు," అన్నడు సలావుద్దీన్.

"ఎవర్ని అడుగాలెరా? వాననా?" అనుకుంట గంజుల చెయ్యి పెట్టిండు.

రాజమణికి మాత్రం ఆ వాసన పడలే. టైరు కమురు, తడి మట్టి, వాటి అడుగున ఇంకేదో తియ్యటి కుళ్లు. మాంసం మీద కొవ్వు తెల్లగ పేరుకున్నది. దాని మీద ఈగలు, ఆ చలిల కూడ, కదలకుంట కూసున్నయి. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. అయినా ఏం చేస్తది, బిడ్డ ఆకలి. ఈగ వాలని గారె ఒకటి చూసి, తుంచి, వనిత నోట్ల పెట్టింది.

పిల్ల ఆగలే. తల్లి చేతిని నూకేసి విస్తరి ముందల కూసున్నది. రెండు చేతులతోని కుక్కుకున్నది. కొవ్వు గదుమ మీదికెల్లి కారుతున్నది. ఈగలను కూడ ఏరలే. డొప్ప ఎత్తి గటగట తాగింది.

"వనితా... ఇంక చాలు."

పిల్ల తల ఎత్తలే. ఆకును నాకుతున్నది.

అప్పుడు వానల నుంచి ఒక ముసలామె వచ్చింది. నెత్తి మీద గోనెసంచి. మనుషుల దిక్కు చూడలే. ఖాళీ విస్తరినే చూసింది.

"ముట్టిందా బిడ్డా?" అన్నది గుసగుసగ. "పిట్ట ముట్టిందా?"

బక్కయ్య చేతిల ముద్ద జారి కింద పడ్డది. ఆయనకు ముందు సమజైంది. మెరుపు మెరిసింది. టార్పాలిన్ ఎనుక పీనుగును కొత్తగ పూడ్చిన బొంద. దాని మీద నలిగిన బంతిపూల దండలు.

పోయినోళ్లకు ఇష్టమైనవి వండి, మూడో దినం బొంద కాడ పెడుతరు. పెట్టినోళ్లు తిరిగి చూడకుంట దూరం జరుగుతరు. కాకి వచ్చి ముడితే పోయినోని మనసు నిండినట్టు. ముట్టకుంటే... నిండనట్టు.

"నా కొడుకు అంజయ్యది," అన్నది ఆ ముసలామె, ఐలవ్వ. "బందుకు రోడ్డు మీద కూసుంటే లారీ ఎక్కిచ్చి పోయిండ్రు. మొన్న మస్తు మంది వచ్చిండ్రు బిడ్డా. భుజాల మీద మోసిండ్రు. ఫొటోలు దిగిండ్రు. ఇయ్యాల ఒక్కడు రాలే. ఉన్న నలుగురు చుట్టాలు వానకు ఉరికిండ్రు. పగటి సంది చూస్తున్న, ఒక్క పిట్ట దిగలే."

థూ! పీనుగు మీద దండ ఏసి పేపర్ల పేరు ఎక్కించుకున్నోనికి, పిట్టకు పెట్టే దినం యాదికి లేదు. ఏం పుట్టుక అది!

నిజం చెప్తే ఆ తల్లి అక్కడనే కూలిపోతది. రాజమణి బిడ్డను కొంగు కింద దాచుకొని అన్నది...

"ముట్టింది అవ్వా. కాకి వచ్చింది."

ఐలవ్వ మొఖం విచ్చుకున్నది. "సల్లగుండు," అని రాజమణి గదుమ పట్టుకొని ముద్దాడి, వానలకు పోయింది.

లారీలోళ్లు మోకు కట్టి చెట్టును గుంజేసిండ్రు. జీపు కదిలింది. కథలాపూర్ కాడ వనిత తల్లి ఒడిల కక్కింది.

అన్నం రాలే. మాంసం రాలే. నల్లటి మసి వచ్చింది... టైరు కమురు. అందుల తెల్లగ, చిన్నగ ఏవో. పిల్ల వడగండ్లు ఏరుకొని మింగిందేమో అనుకున్నది రాజమణి. పిడికిట్ల పట్టింది.

కరుగలే.

అరచెయ్యి కోసుకపోయింది. గాజు. బండి అద్దం పగిలితే రోడ్డు మీద పడే గాజు.

"అక్కా," అన్నడు సలావుద్దీన్, బ్రేకు తొక్కి. "ఆ అవ్వకు నిజం చెప్పు. జీపు తిప్పుతా."

"వద్దు... దవాఖానకు పోనియ్యి."

కోరుట్ల డాక్టరు కడుపు ఫొటో తీసి, ఏం లేదన్నడు. ఆనాటి నుంచి వనిత పళ్లెంల పెడితే తినలే. నోట్ల పెడితే ఊంచింది. బొక్కలు తేలినయి. చివరికి తనే చెప్పింది, తనది కాని బొంగురు మొగ గొంతుతోని... "బయట పెట్టు. తిరిగి చూడకు."

రాజమణి వాకిట్ల విస్తరి ఏసింది. బిడ్డను దాని ముందల కూసోబెట్టింది. గల్మ గడప దాంక నడిచి, అటు మొఖం పెట్టి నిలబడ్డది.

ఎనుక నమిలే చప్పుడు. ఆకు గీకే చప్పుడు. ఆమె పానం కొద్దిగ నిమ్మలమైంది. తింటున్నది... నా బిడ్డ తింటున్నది.

అంతల ముందటికెల్లి ఒక చిన్న చెయ్యి వచ్చి కొంగు పట్టుకున్నది. వనిత. బక్కచిక్కిన మొఖం, ఎండిన పెదాలు.

"అమ్మా," అన్నది గుసగుసగ. "ఆకలి."

ఎనుక నమిలే చప్పుడు ఆగలే.

మీ బిడ్డ అయితే, తిరిగి చూస్తరా?