ఏడో తీగ

స్పోర్టింగ్ అనే స్టేషన్లో ట్రామ్ ఆగినా సమీహ్ లేవలేదు. ఒళ్లో పత్రిక, కిటికీకి ఆనించిన తల, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. కండక్టరు భుజం తట్టేసరికి పక్కకు ఒరిగిపోయాడు. మెడ మీద సూది గుచ్చినంత ఎర్రటి చుక్క. కోటు జేబులు ఖాళీ.

మధ్యాహ్నం రెండున్నరకు, సముద్రం ఒడ్డున ఆపిన కారులో కల్నల్ రఅఫత్ ఆ సంగతి ఏజెంట్ వగ్దీకి చెప్పాడు. సమీహ్, వగ్దీ ఒకే రోజు నిఘా శాఖలో చేరినవాళ్లు.

“ఓడ పేరు వాడి దగ్గరే ఉంది,” అన్నాడు కల్నల్. “నాలుగింటికల్లా చమురు రేవులోకి వస్తుంది. లోపల నాలుగు టన్నుల పేలుడు సరుకు. ఇవాళ పద్దెనిమిది ఓడలు రావాలి. అన్నిటినీ ఆపామా, ఓడలో ఉన్నవాళ్లకు అనుమానం వచ్చి పేల్చే మీట నొక్కేస్తారు.”

“ఇంకో దారి?”

“లాంతరు.”

శత్రు ముఠాలోపల ఉన్న తమ మనిషికి అది మారుపేరు. ఆ మనిషి ఆడో మగో కూడా వగ్దీకి తెలియదు.

“సరిగ్గా మూడున్నరకు పేరు నీ కంప్యూటర్‌కే పంపుతుంది. ఒక్కసారే. నీ నెట్ పనిచేస్తుందిగా?”

“నిక్షేపంలా ఉంది సార్.”

మూడు నెలలుగా వగ్దీ, తోటి ఏజెంట్ ఇంజీ కొత్త దంపతుల వేషంలో ఇబ్రహీమియా పేటలో ఒక భవనం నాలుగో అంతస్తులో కాపురం ఉంటున్నారు. భవనమంతటికీ ఇంటర్నెట్ లైను ఒక్కటే. అది మూడో అంతస్తులో మేడం ఫిక్రియా ఇంట్లో ఉంది. ఆవిడ కంప్యూటర్ పక్కనున్న డబ్బాలోంచి ఆరు తీగలు కిటికీ దాటి ఆరు ఇళ్లకు పాకాయి.

వగ్దీ ఇల్లు చేరేసరికి మూడూ ఎనిమిది. ఇంజీ లేదు, జుట్టు చేయించుకొస్తానని పొద్దునే చెప్పింది. కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నెట్ లేదు.

తీగ పీకి మళ్లీ పెట్టాడు. ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. అంటే తీగ బాగానే ఉంది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. అది లేచేదాకా గోడ గడియారం గుండెల్లో కొట్టుకుంది. తెరమీద ఒక వాక్యం వచ్చింది: మీ నంబరును మరో కంప్యూటర్ వాడుతోంది.

భవనంలో ప్రతి కంప్యూటర్‌కీ ఒక నంబరు. అతనిది అయిదు. లాంతరు పంపేది అయిదో నంబరుకు చేరేలా ఫిక్రియా కంప్యూటర్‌లో తనే అమర్చాడు. ఇప్పుడు ఆ నంబరు ఎవరో దొంగిలించారు. ఓడ పేరు వాళ్లకు చేరుతుంది. లాంతరు ఎక్కడి నుంచి పంపుతోందో కూడా తెలిసిపోతుంది. ఆ తర్వాత లాంతరు గతి సమీహ్ గతే.

కంప్యూటర్ ఆపేసి, రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాడు. తలుపు తీసే ఉంది. పాతికేళ్లు ఫ్రెంచి పాఠాలు చెప్పి రిటైరైన మేడం ఫిక్రియా కంప్యూటర్‌లో పేకాడుకుంటోంది.

“మేడం, లేవండి!”

“ఆగు నాయనా, గెలిచేలా ఉన్నాను.”

“మీ కాళ్లు పట్టుకుంటాను, లేవండి!”

ఆవిడ గొణుక్కుంటూ లేచింది. వగ్దీ ఆ కంప్యూటర్ నుంచి అయిదో నంబరును పిలిచాడు. సెకనుకొక జవాబు వస్తోంది. తన కంప్యూటర్ ఆపేసి వచ్చాడు. మరి పలుకుతున్నదెవరు?

డబ్బాలోంచి మొదటి తీగ పీకాడు. జవాబు ఆగలేదు. పైనుంచి కేక: “అయ్యో, నా సినిమా పోయింది!” రెండోది పీకాడు. మూడోది. బాల్కనీల్లో తిట్లు మొదలయ్యాయి. ఆరూ పీకాడు. జవాబు వస్తూనే ఉంది.

అప్పుడు కనిపించింది, పరదా వెనక కొత్త తెల్ల తీగ. ఏడోది. పీకగానే జవాబు ఆగిపోయింది.

“ఇదెక్కడిది మేడం?”

“మీ ఆవిడదే. డాబా మీద బట్టలుతికే గదిలోకి నిన్న వేయించుకుంది. ‘ఆయనకి చెప్పకండి, సర్‌ప్రైజ్’ అంది. చెప్పేశాను చూడు, నా నోరు పాడుగాను!”

సమీహ్ ఏ ట్రామ్ ఎక్కుతాడో వగ్దీకి కాక తెలిసింది ఇంజీకే. పొద్దున కాఫీ కలిపిచ్చి, మెడలో స్కార్ఫ్ సర్దుకుంటూ నవ్విన మనిషి.

మూడూ ఇరవై ఏడు. తన కంప్యూటర్‌కు పరిగెత్తే వ్యవధి లేదు. ఫిక్రియా కంప్యూటర్‌లోనే అమరిక మార్చాడు. ఇక సందేశం అయిదో నంబరుకు పోదు, ఈ తెరమీదికే వస్తుంది.

“భలే తెలివి,” అంది వెనకనుంచి ఇంజీ.

జుట్టు చేయించుకోలేదు. ఎర్ర తోలు సంచి చాటున సైలెన్సర్ బిగించిన పిస్తోలు ఫిక్రియా వైపు చూస్తోంది.

“చేతులు బల్లమీద పెట్టు. కలిసే చదువుదాం.”

“సమీహ్‌ని నువ్వే...”

“నొప్పి తెలియలేదులే వాడికి.”

లైను పీకేస్తే లాంతరు బతుకుతుంది, రేవు తగలబడుతుంది. పీకకపోతే పేరు వస్తుంది, చెప్పడానికి తను ఉండడు. జీవితంలో మొదటిసారి వగ్దీకి ఏ దారీ తోచలేదు. తెరమీద మొదటి అక్షరం పడింది.

మెట్లమీద చెప్పుల మోత.

“ఎవడ్రా నెట్ పీకింది?” రెండో అంతస్తు కసాయి భార్య, హజ్ యాత్ర చేసొచ్చిన హజ్జా బసీమా గరిటెతోసహా దూసుకొచ్చింది. వెనకే మిగతా నాలుగిళ్లవాళ్లు. ఆవిడకు పిస్తోలు కనిపించలేదు. తెల్లబోయిన మొగుడు, కళ్లెర్రజేసిన పెళ్లాం మాత్రమే కనిపించారు.

“ఏమమ్మాయ్, మొగుడిమీద అలిగితే మా అందరి నెట్ పీకిస్తావా?” అంటూ ఇంజీ మోచేయి పట్టి గుంజింది.

టప్‌మంది. పైకప్పు సున్నం రాలింది. వగ్దీ దూకి మణికట్టు మెలితిప్పాడు. పిస్తోలు నేలమీద పడేసరికి బసీమాకు విషయం అర్థమైంది. ఎనభై కిలోల మనిషి ఇంజీ మీద కూలబడింది.

తెరమీద ఓడ పేరు, రెండే మాటలు: బ్రీడా మారిస్.

వగ్దీ ఫోనందుకున్నాడు. ఇన్నాళ్లూ తమ మాటలు బయటికి చేరవేసిన మనిషి బసీమా కింద ఉంది, ఇక భయం లేదు. కల్నల్‌కు పేరు చెప్పి రిసీవర్ చెవికి అదుముకున్నాడు. తెర మూల గడియారం నాలుగు దగ్గరికి జరిగింది.

“పట్టుకున్నాం,” అన్నాడు చివరికి కల్నల్. “రేవు నోట్లోనే. ఓడలోవాడి వేలు మీట మీదే ఉంది.”

వగ్దీ నేలమీదే చతికిలబడి, సమీహ్‌ను తలుచుకుని ఏడ్చాడు. అందరూ అది పెళ్లాం కోసమనుకున్నారు. ఫిక్రియా మంచినీళ్లిచ్చింది.

ఓడను ఆపడానికి ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆరిళ్లకూ నెట్ మళ్లీ కలిపి, ఇరుగుపొరుగు ఓదార్పులన్నీ విని, ఆ మెట్లు దిగి వీధిలో పడడానికి అతనికి రెండున్నర గంటలు పట్టింది.